ముప్పావంగుళం దిగువ

పోస్ట్‌మాన్ మూడోసారి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది. నేను కుట్టిన చొక్కా ఎడమ భుజం కిందికి లాగుతోందట. ఇరవై ఏళ్ళుగా కుడుతున్నదాన్ని, నా కత్తెరకే వంక పెడతాడా? నీ భుజమే వంకరేమో చూసుకో నాయనా అని, గుమ్మంలోనే నిలబెట్టి టేపు వేశాను. రెండు భుజాలూ గీత గీసినట్టు సమానంగా ఉన్నాయి.

కుట్టి ఉంచిన మిగతా చొక్కాలు బల్ల మీద పరిచాను. మందుల షాపాయనది, స్కూలు మాస్టారిది, లారీ డ్రైవరుది. అన్నిటికీ ఎడమ భుజం ముప్పావంగుళం దిగువ. పుస్తకంలో కొలతలు సరిగ్గానే రాసుకున్నాను. సుద్ద పట్టిన చెయ్యే తన దారిన తాను పోయింది.

ఆ ముప్పావంగుళం మా ఆయనది. చిన్నప్పుడు విరిగిన ఎముక సరిగ్గా అతక్క, ఆయన ఎడమ భుజం జారి ఉండేది. పెళ్ళైన దగ్గర్నుంచి ఆయన చొక్కాలన్నీ అలా దించే కత్తిరించాను. ఆయన పోయి నాలుగు నెలలు. ఏడవాల్సిందంతా ఏడ్చాను, కుదుటపడ్డాననుకున్నాను. నా చెయ్యి మాత్రం ఊరందరికీ ఆయన చొక్కాలే కుడుతోంది.

చొక్కా విప్పివ్వు, సరిచేస్తానన్నాను. లోపల్నుంచి మా అత్తగారు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

“ఆ ఒక్కటీ అలా ఉండనివ్వవే.”

రోజూ పదింటికి ఆవిడ కిటికీ దగ్గర ఎందుకు కూర్చుంటున్నారో అప్పుడు తెలిసింది. ఉత్తరాలు పంచుతూ పోస్ట్‌మాన్ సందు చివరిదాకా వెళ్తాడు. చొక్కా లాగుతుంటే పాపం ఎడమకి ఒరిగి నడుస్తాడు. వెనకనుంచి అచ్చం తన కొడుకేనట. నెలన్నరగా చూస్తూ నాతో ఒక్క ముక్క అనలేదు. మీ అబ్బాయిని మీరొక్కరే చూసుకుంటున్నారా అని అరిచాను. అరిచాక గానీ ఏమన్నానో నాకే తెలియలేదు.

సరిచేస్తే ఆవిడకి కొడుకు రెండోసారి పోతాడు. చెయ్యకపోతే నా చెయ్యి ఇక బతికున్నవాళ్ళకి పనికిరాదు.

బిక్కమొహం వేసుకుని నిలబడ్డ పోస్ట్‌మాన్‌ని, ఒక్కసారి సందు చివరిదాకా నడిచి రమ్మని బతిమాలాను. ఏమనుకున్నాడో, వెళ్ళాడు. ఇద్దరం కిటికీ ఊచలు పట్టుకుని చూశాం. ఆయనే. ఆ ఒరుగు, ఆ తీరుబడి నడక ఆయనవే. ఇంకో నాలుగడుగులేస్తే మలుపు తిరిగి కనపడకుండా పోతాడు.

“ఏవండీ” అని పిలిచేశాను.

అతను వెనక్కి తిరిగాడు. ఎవరిదో మొహం. మా వైపే నడిచి వస్తున్నాడు. అత్తగారు రెప్ప వెయ్యకుండా చూశారు.

“వెళ్ళేటప్పుడు వాడేనే. వచ్చేవాడు వాడు కాదు” అన్నారు. “విప్పించు.”

కుట్లు ఊడదీశాను. లోపల మడిచి వదిలిన గుడ్డ సరిపోయేలానే ఉంది. సుద్ద పట్టుకుంటే వేళ్ళు మళ్ళీ కిందికే జారుతున్నాయి. అత్తగారు సుద్ద లాక్కుని, నా వేళ్ళు పక్కకి నెట్టి, పోస్ట్‌మాన్ కొలతకి గీత గీశారు.