జల్లెడ పట్టిన ఇసుక

చెల్లసామి నాయకరు పెసల్లో రాయి ఉండదని కోవిల్‌పట్టి చుట్టుపక్కల పేరు. విరుదునగర్ పప్పుమిల్లుకు సరుకు కొనే సీనివాసన్ అన్నాచ్చి ఆ పేరు నమ్మి ప్రతి ఏడూ మొదటి లారీ ఆయన ఇంటికి తోలుకొస్తాడు. ఆ పేరు పోతే ఊళ్ళో తల ఎత్తలేనని చెల్లసామి భయం.

గోదాము ముందరి తారు వాకిలి వెలిసిపోయింది. వాలుగా ఉండే ఆ వాకిట్లోనే టార్పాలిన్ పరిచి పెసలు ఎండేస్తారు, దాని మీదుగానే మూటలు లారీకి మోస్తారు. పైపూత వేయించాలని మేనల్లుడు సెల్వకుమార్‌ను పిలిపించాడు. వాడికి అదే పని.

వాడు ఒక పీపా నల్లపూత, దాంట్లో కలిపేదానికి క్రషర్ ఇసుక మూటలు దించాడు. చెల్లసామి గుప్పెడు ఇసుక తీసి అరచేతిలో రుద్దాడు.

"ఏంరా, ఇంత రాయి ఉందే?"

"రాయి కోసమే గదా మామా తెచ్చింది. వట్టి పూత పోస్తే అద్దం మాదిరి అయిపోద్ది. ఈ గరుకు ఉంటేనే కాలు నిలుస్తుంది, పూతా బేగి అరగదు."

చెల్లసామి "ఊఁ" అన్నాడు. మామ ఒప్పుకున్నాడనుకొని వాడు టీకి పోయాడు.

చెల్లసామి పెసల జల్లెడ తెచ్చుకొని కూర్చున్నాడు. జల్లెడలో నిలిచిన గరుకంతా ఎద్దుల కొట్టం వెనక పోశాడు. కింద రాలిన మెత్తటి పొడిని మళ్ళీ మూటల్లో నింపాడు. భార్య కృష్ణమ్మాళ్ గడపలో నిలబడి చూసింది.

"ఏమయ్యా, తారుకు కూడా పిండి జల్లిస్తుండావా?"

"రేపు ఆ రాయి ఊడి పెసల్లో కలిస్తే?"

"కలిస్తే అన్నాచ్చి వచ్చి నీ మీసం గొరుగుతాడు, పాపం."

సెల్వకుమార్ తిరిగొచ్చేటప్పుడు చెవి దగ్గర ఫోన్ ఉంది. అవతల ఉషా, వాడు కొత్తగా పెండ్లి చేసుకున్న పిల్ల. మూటలో ఏముందో చూడకుండానే పీపాలో వంపి, కలిపి, వాకిలంతా పూసేశాడు. ఆరినాక వాకిలి నూనె రాసిన తల మాదిరి మెరిసింది. చెల్లసామి మీసం దువ్వుకున్నాడు.

అన్నాచ్చి లారీ పొద్దున్నే వచ్చింది. రాత్రి మంచు బాగా పడి ఉంది. ఆయన వాలు మీద కాలు పెట్టాడు, జారాడు, కూర్చున్నాడు, కూర్చున్నట్టే లారీ చక్రం దాకా పోయాడు. కృష్ణమ్మాళ్ కొంగు నోట్లో కుక్కుకుంది.

అన్నాచ్చి లేచి, వేష్టి దులుపుకొని, గోడ పట్టుకుంటూ గోదాములోకి పోయి నాలుగు గింజలు కొరికి చూశాడు.

"నాయకరే, మీ పెసల్లో రాయి లేదు. మీ వాకిట్లోనూ లేదే!"

మూటలు మోసే కూలివాడు ఇసక్కి, కాలి బొటనవేలితో వాకిలిని తాకి చూసి, వెనక్కి తీసుకున్నాడు. "తల మీద మూట పెట్టుకొని దీని మీద నడవను నాయకరే. నాకు ఉండేది ఒకే నడుము."

"ఎల్లుండి వస్తాను. అప్పటికీ ఇట్లే ఉంటే మొదటి లారీ వేరే ఊరికి పోతుంది" అన్నాడు అన్నాచ్చి.

చెల్లసామి మేనల్లుడికి ఫోన్ కొట్టాడు.

సెల్వకుమార్ వచ్చి వాకిలి తడిమి చూశాడు. "నా ఇసుక ఏమైంది మామా?"

చెల్లసామి కొట్టం వైపు చూశాడు.

"మీ మామ దాంట్లో రాళ్ళు ఏరేశాడురా. నువ్వు ఫోన్లో ఉంటివి" అంది కృష్ణమ్మాళ్. వాడు తల గోక్కున్నాడు.

చెల్లసామి గంపతో ఆ గరుకంతా తానే మోసుకొచ్చాడు.

"అట్లే ఎయ్యరాదు మామా. దుమ్ము, పేడ ఉంటే పూత రాయిని పట్టుకోదు. కడగాలి."

నాయకరు తొట్టి ముందర కూర్చొని, బియ్యం కడిగినట్టు రాళ్ళు కడిగి ఎండేశాడు. ఇంట్లో బియ్యం ఒకనాడూ కడగని చేతులవి. కృష్ణమ్మాళ్ అదే పనిగా మూడుసార్లు అటు వచ్చి పోయింది.

సెల్వకుమార్ కొత్తపూతలో గరుకు కలుపుతుంటే చెల్లసామి పక్కనే నిలబడ్డాడు.

"ఇంకొక గంప ఎయ్యి."

"చాలు మామా. ఎక్కువైతే పూతకు పట్టు చాలదు, రాయి రాలిపోద్ది."

"రాలితే పెసల్లో..."

"అందుకే చాలంటుండాను."

మూడోనాటి పొద్దున మళ్ళీ మంచు. ఇసక్కి మూట ఎత్తుకొని వాలు మీద అడుగు పెట్టాడు. నిలబడ్డాడు. ఇంకొక అడుగు వేశాడు. ఆ తరువాత కిందికి చూడకుండానే నడిచాడు. తక్కినవాళ్ళు వెనకాలే నడిచారు. అన్నాచ్చి మూట మూటకూ గింజలు కొరుకుతుంటే చెల్లసామి అటు చూడనే లేదు. వంగి, మోసేవాళ్ళ కాళ్ళనే చూస్తున్నాడు.

"ఏం నాయకరే, సరుకు చూడరా?"

"సరుకు సంగతి నాకు తెలుసు."

"ఔను అన్నాచ్చి," అంది గడపలోంచి కృష్ణమ్మాళ్, "కాళ్ళ సంగతే ఇప్పుడు నేర్చుకుంటుండాడు."