కుంటి ఎద్దు అంగడి

తమిళ సీమలోని ధర్మపురి బజారులో బోర్డులు రాసే అంజప్పకు ఒక పాడు అలవాటు ఉండేది. ఏ అంగడికి పోయినా ముందు దాని బోర్డుకు వంకలు పెట్టేవాడు. అక్షరాలు ఇరుకనేవాడు, రంగు వెలిసిందనేవాడు. రోడ్డు అవతలికి పోయి, కళ్లు చికిలించి చూసి, "ఈడ నుంచి ఒక్క ముక్కా కనపడదు" అని యజమాని మొహం మీదే చెప్పేవాడు. కొందరు తిట్టి పంపేవారు. కొందరు అలా తిట్టిన మర్నాడే పిలిచి పని ఇచ్చేవారు. పదిహేనేళ్లు గడిచేసరికి బజారులో సగం బోర్డులు అతని చేతివే.

ఒక్క బోర్డు మాత్రం అతని కంట్లో నలుసులా మిగిలిపోయింది. అది రంగనాథన్ అంగడిది. విత్తనాలు, మోకులు, పలుపులు, నాగలి కర్రులు అమ్మే ఆ అంగడి మీద తెల్లటి ఎద్దు బొమ్మ ఒకటి ఉండేది. ఎద్దు అని చెబితేనే ఎద్దు. ముందుకాలు ఒకటి పొట్టి, ఒక కొమ్ము చెవిలోంచి మొలిచినట్టుండేది, మొహం చూస్తే వారం రోజులుగా మేత లేనట్టుండేది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ అంగడిని కుంటి ఎద్దు అంగడి అనేవారు. ఆ పేరు వింటే రంగనాథన్‌కు ఒళ్లు మండేది. అంజప్పకు ఇంకా మండేది. ఎందుకంటే, బ్రష్షు పట్టుకోవడం కూడా సరిగా రాని పదహారేళ్ల వయసులో, ఒక పూట భోజనానికి ఆ ఎద్దును గీసింది తనే. గీయించుకున్న రంగనాథన్ తండ్రి చనిపోయాడు. ఇక ఈ సంగతి తెలిసినవాడు తానొక్కడే.

ఎనభై నాలుగులో బస్టాండు పక్కన పన్నెండు కొత్త అంగళ్లు లేచాయి. వర్తకుల సంఘానికి రంగనాథనే పెద్ద. బోర్డుల పనికి అతను ఎవరి పేరు చెబితే వాళ్లకే.

"ముందు నా బోర్డు మార్చు అంజప్పా. పోయేవాడు నిలబడి చూడాల. అట్ల చేసినావంటే ఆ పన్నెండూ నీకే ఇప్పిస్తాను" అన్నాడు.

అంజప్ప ఆ రోజే బోర్డు రేకు దించాడు. ఎద్దును తన చేతులతోనే గీకేశాడు. కొమ్ముల దగ్గర రంగు మొండికేస్తే, గరుకు కాగితం అరిగిపోయేదాకా రుద్దాడు. ఆ పనిలో అతనికి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

పది రోజులకు కొత్త బోర్డు ఎక్కింది. నిలువెత్తు ఎర్రటి తమిళ అక్షరాలు, వాటికి పసుపు నీడ, చుట్టూ నల్ల అంచు. బొమ్మ లేదు, గజిబిజి లేదు. రంగనాథన్ కర్పూరం వెలిగించి, గుమ్మడికాయ కొట్టి, రోడ్డు అవతల నిలబడి తన పేరు తానే మూడుసార్లు చదువుకున్నాడు.

ఆ తర్వాత మూడు సంతలు గడిచాయి. రంగనాథన్ అంగడిలో ఈగలు తోలుకునే పని తప్ప వేరే పని లేకపోయింది. మూడో సంత రోజున కడత్తూరు నుంచి వచ్చిన మునియక్క అనే కూలి మనిషి గడప ముందు నిలబడి అటూ ఇటూ చూసింది.

"సామీ, ఈడ కుంటి ఎద్దు అంగడి ఉండె కదా. ఎత్తేసినారా?"

"ఇదేనమ్మా! పదేండ్లుగా నా మొగం చూస్తాండావు, నన్నే అడుగుతావా?"

"నువ్వు ఉండావు సరే సామీ. అంగడిని ఎవురో పెద్దోళ్లు కొనేసినారని, నువ్వు వాళ్ల దగ్గర కూలికి కూర్చున్నావని అనుకుంటిమి. ఇంత పెద్ద అక్షరాలు ఉంటే ధర ఎంతుంటాదో అని మా ఊరోళ్లంతా ఎదురుగా ఉండే గోవిందన్ అంగడికి పోయినారు."

రంగనాథన్ ఇక ఆగలేదు. అంజప్పను పిలిపించి, నడిబజారులో నిలబెట్టి కడిగేశాడు.

"గోవిందన్ చెప్పినాడా నీకు, నా కొంప ముంచమని? నిజం చెప్పు!"

"నోరు జారొద్దన్నా. బోర్డు చూసి మురిసిపోయింది నువ్వే."

"నా నాయన పెట్టిన ఎద్దును తీసేస్తివి. దాంట్లో నీకేమి కడుపుమంటరా?"

"అది ఎద్దా? అది గీసింది నేనే! నాకు తెలీదా అదెంత దరిద్రంగా ఉండిందో!"

కోపంలో జారిన మాట. అంజప్ప నాలుక కరుచుకున్నాడు. రంగనాథన్ కళ్లు చిన్నవి చేసి అతని దగ్గరికి వచ్చాడు.

"నువ్వే గీసినావా? అట్లయితే పని సులువు. వచ్చే సంతకు ఆ ఎద్దు, ఆ కుంటి ఎద్దే, నా అంగడి మీద నిలబడాల. లేదంటే ఆ పన్నెండు అంగళ్ల నీడ కూడా నువ్వు తొక్కవు."

ఇందులో ఏముందిలే అనుకున్నాడు అంజప్ప. నిచ్చెన ఎక్కి, అక్షరాల పక్కన గంటలో ఎద్దును నిలబెట్టాడు. మూపురం, గంగడోలు, కండ తిరిగిన తొడలు, అన్నీ కుదిరాయి. కిందనుంచి రంగనాథన్ అరిచాడు, "ఇది ఎవురి ఎద్దురా? చెరిపెయ్యి!" రెండోసారి కాలు పొట్టి చేశాడు. మంచి ఎద్దు గుంటలో కాలు పెట్టినట్టు కనిపించింది. మూడోసారి కొమ్మును చెవి దగ్గరికి దించాడు. తల వంచి కుమ్మడానికి వస్తున్నట్టు, ఇంకా అందంగా కుదిరింది. ఎంత పాడు చేద్దామన్నా చెయ్యి వినలేదు. తప్పు గీత పడగానే పక్క గీత దాన్ని సర్దేసేది. చెయ్యి తిరగడానికి పదిహేనేళ్లు పట్టింది, ఇప్పుడది వెనక్కి తిరగనంటోంది. చెమటతో, సిగ్గుతో అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

సంత రోజు వచ్చింది. కొత్త అంగళ్లవాళ్లు కూడా తమాషా చూడటానికి వచ్చి నిలబడ్డారు. అంజప్ప ఐదో ఎద్దును ముగించి కిందికి చూశాడు. మునియక్కతోపాటు పదిమంది రైతులు తలలెత్తి చూస్తున్నారు.

"ఎద్దు బాగుండాది. మన ఎద్దు కాదు" అంది మునియక్క.

రంగనాథన్‌కు ఓపిక చచ్చిపోయింది. "దిగరా కిందికి! పదిహేనేండ్లు నేర్చుకుని ఒక కుంటి ఎద్దు గీయలేవు!" అని అంజప్పను లాగి, పంచె ఎగగట్టి, నిచ్చెన ఎక్కాడు. జన్మలో బ్రష్షు పట్టినవాడు కాదు. తడి ఆరని ఎద్దును గుడ్డతో తుడిచి, గోవిందన్ మీద కోపం, అంజప్ప మీద కోపం, వెలవెలబోయిన అంగడి మీద దిగులు, అన్నీ కలిపి బ్రష్షుతో బాదాడు. ఒక కాలు పొట్టిదైంది, ఇంకో కాలు దానికంటే పొట్టిదైంది. తల ఒక పక్కకు జారింది. కొమ్ములు ఎటు పోయాయో వాటికే తెలియాలి.

"ఆ! ఇదే! ఇదే మన ఎద్దు!" అని మునియక్క చప్పట్లు కొట్టింది. "ఎత్తేయలేదురా అంగడి, ఈడే ఉండాది!" అంటూ రైతులు ఆమె వెనకాలే లోపలికి నడిచారు.

రంగనాథన్ మోచేతులదాకా తెల్లరంగుతో దిగాడు. "చూసినావా? అర్ధగంట కూడా పట్టలేదు నాకు" అని, అంజప్ప వైపు మళ్లీ చూడకుండా గల్లాపెట్టె దగ్గరికి పోయాడు.

అంజప్ప నిచ్చెన తీసి భుజాన వేసుకున్నాడు. అతనికి అరవాలనుంది. ఆ ఎద్దు అసలు తన ఎద్దులానే లేదని, పదహారేళ్లప్పుడు కూడా తాను అంత ఘోరంగా గీయలేదని బజారంతా వినేటట్టు చెప్పాలనుంది. వినేవాళ్లు లేరు. కొత్త అంగళ్లవాళ్లు వాళ్లలో వాళ్లు ఏదో మాట్లాడుకుని నవ్వుకున్నారు. వాళ్లలో కాళియప్పన్ అనే కోళ్లదాణా వ్యాపారి దగ్గరికి వచ్చాడు.

"అంజప్పా, బస్టాండు దాకా వస్తావా?"

అంజప్పకు ప్రాణం లేచి వచ్చింది. "వస్తాను అన్నా. నీ బోర్డుకు ఏమి రాయాల? కోడిపుంజు వేస్తామా?"

"వేసేది నేను. నిచ్చెన లేదు, అందుకే పిలిచినాను."

పోవద్దనుకుంటూనే అంజప్ప అతని వెంట నడిచాడు. నిచ్చెన తనది. కాళియప్పన్ బరువైన మనిషి, పైగా ఎక్కడం అలవాటు లేదు. పన్నెండు అంగళ్లలో మొదటిదాని ముందు అతను బ్రష్షు పట్టుకుని వణుకుతూ పైకెక్కుతుంటే, జారిపోకుండా రెండు చేతులా నిచ్చెనను పట్టుకుని అంజప్ప కింద నిలబడ్డాడు. రెండో అంగడివాడు తన వంతు కోసం పక్కనే కాచుకుని ఉన్నాడు.