బెత్తెడు గుడ్డ

అమెరికాలోని తుల్సా ఊళ్లో వెర్లన్, నేను కలిసి ఏసీలు బాగుచేసే రోజులవి. ఒకసారి దొంగలు మీద పడ్డప్పటి నుంచి వెర్లన్ యూనిఫాం చొక్కా కింద పిస్తోలు పెట్టుకునేవాడు. లైసెన్సు ఉంది, కానీ ఇళ్లవాళ్లు జడుసుకుంటారని ఎవరికీ కనిపించనిచ్చేవాడు కాదు.

ఒక వేసవిలో ఒలీటా అనే ముసలావిడ ఇంట్లో వెర్లన్ నిచ్చెనెక్కి చేతులు పైకెత్తగానే చొక్కా లేచి పిస్తోలు బయటపడింది. గబుక్కున చొక్కా కిందికి లాక్కున్నాడు.

"క్షమించండమ్మా, భయపెట్టేశాను."

"భయమా! మా ఆయన పాలవ్యాను తోలినన్నాళ్లూ నడుముకి అదేగా! చేతులెత్తినా అది కనబడకుండా ఆయన చొక్కాలకి కింద బెత్తెడు గుడ్డ నేనే అతికేదాన్ని. దిగు నాయనా, చొక్కా ఇలా ఇయ్యి."

వెర్లన్ బనీనుతోనే, పిస్తోలు బాహాటంగా కనబడుతుండగా పని ముగించాడు. ఈలోగా ఆవిడ, చనిపోయిన తన భర్త పాత యూనిఫాం కత్తిరించి ఆ గుడ్డతో వెర్లన్ చొక్కాకి అంచు కుట్టేసింది.

"అయ్యో, ఆయన గుర్తుగా దాచుకున్నది కదమ్మా!"

"బీరువాలో ఉంటే చిమ్మటలు తింటాయి. నువ్వు తొడుక్కుని తిరుగు."

ఆ చొక్కాని వెర్లన్ రంగు వెలిసేదాకా వదల్లేదు. ఇప్పుడు ఒలీటా లేదు, వెర్లన్ పని మానేశాడు. ఆవిడ ఉన్న వీధిలోకి వెళితే మాత్రం నేనింకా వ్యాను నెమ్మదిగా పోనిస్తాను.