బొగ్గు గీత

మింగో అరికాలు కోసింది ఆల్చిప్ప. ఉప్పు కాలువలో ఆల్చిప్పలు ఏరుతూ జారాడు, అంతే సంగతి. కానీ రేవులో ఎవరిని అడిగినా మొసలి కరిచిందనే చెబుతారు. ఎందుకంటే వాళ్లందరికీ చెప్పినవాడు మింగోనే. మొదటి రోజు ఆ మొసలి పడవంత ఉండేది. వారం తిరిగేసరికి పాత యజమాని మేడంత అయింది. మొసలి పెరిగినకొద్దీ కాలూ వాచింది. వేళ్లు నల్లబడ్డాయి. ఆ వాసనకి కుక్క కూడా గుమ్మం అవతలికి వెళ్లి పడుకోవడం మొదలెట్టాక, వాడి పెళ్లాం డోర్కస్‌కి ఇక నవ్వు రాలేదు.

బానిసతనం పోయి స్వేచ్ఛ వచ్చాక అది రెండో చలికాలం. విడుదలైనవాళ్ల కోసం సర్కారు పాత వడ్లమిల్లులో ఆసుపత్రి పెట్టింది. ఉత్తరాది నుంచి నీలం సైనిక కోటు వేసుకున్న డాక్టరొకాయన వచ్చాడు. ఆ మిల్లు గురించి రేవులో చెప్పుకునే మాటలు అన్నీ ఇన్నీ కావు. లోపలికి నడిచివెళ్లినవాడు సీసాలో లేపనమై బయటికొస్తాడట. డోర్కస్ ఆ మాటలన్నీ నమ్మింది. నమ్మి కూడా మొగుణ్ని భుజాన ఆనించుకుని ఈడ్చుకొచ్చింది. ఇంట్లో ఉంటే వాడు ఎలాగూ దక్కడు.

మిల్లు బయట వరసలో ఫిబ్బీ ముసలమ్మ మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమే డోర్కస్, వీణ్ని కాచి సీసాల్లో పోయిస్తావా? ఒక్క సీసా కూడా నిండదే. వీడి ఒళ్లంతా గాలేగా!"

"నీకెందుకత్తా, నువ్వెందుకొచ్చినట్టు?"

"చూడ్డానికొచ్చా. నాకేం రోగం!" అంది ఫిబ్బీ, మోకాలి మీది చెయ్యి చటుక్కున తీసేసి.

మామూలుగా అయితే మింగో ఒకటికి పది అంటించేవాడే. ఆవేళ మాత్రం వాడి చూపంతా తలుపు మీదే ఉంది. ఏం చూస్తున్నాడో డోర్కస్‌కి తెలుసు. వాడి అన్న క్వాష్‌ని.

బానిసల్ని అమ్మే రోజుల్లో ముందుగా డాక్టరొచ్చి ఒళ్లు తడిమేవాడు. క్వాష్ అప్పటికింకా చిన్నవాడు, తెలియక, "పక్కటెముక నొప్పండీ" అన్నాడు. సాయంత్రానికల్లా బండెక్కించారు. పట్నంలో మందులు పరీక్షించడానికి జబ్బు మనుషుల్ని కొనే డాక్టరొకడున్నాడట, వాడి దగ్గరికి. మళ్లీ క్వాష్‌ని చూసినవాళ్లు లేరు. ఆ సాయంత్రమే వాళ్లమ్మ మింగోకి నేర్పింది: డాక్టరు కనబడితే పళ్లు చూపించు, గెంతు, నొప్పి లేదను. ఆ పాఠం నేర్వని బానిస ఇల్లు దొరల తోటల్లో ఒక్కటీ లేదు.

వంతు వచ్చింది. డాక్టరు చేతులు తుడుచుకుంటూ తలెత్తేసరికి మింగో నోరు బార్లా తెరిచి పళ్లన్నీ చూపించాడు. ఒక గెంతు గెంతాడు. నల్లకాలు నేలకి తగిలినప్పుడు మొహం బూడిదలా మారింది కానీ నవ్వు మాత్రం చెదరలేదు.

"పళ్లెవరడిగారయ్యా? బల్ల మీద పడుకో," అన్నాడు డాక్టరు.

కాలు చూసి ఆయన బొగ్గుముక్క తీశాడు. "విను. చచ్చిన కండకి నొప్పి తెలీదు, బతికున్నదానికి తెలుస్తుంది. నేను నొక్కుతూ పైకొస్తా. నొప్పి ఎక్కడ మొదలైతే అక్కడ చెప్పు. అక్కడ గీత గీసి, దానికి కింద మాత్రమే కోసేస్తా."

వేళ్లు నొక్కాడు. "నొప్పా?"

"లేదు దొరా."

అది నిజమే. పాదం నొక్కాడు.

"లేదు దొరా."

మడమ. "లేదు దొరా." పిక్క. "హాయిగా ఉంది దొరా."

బొగ్గు గీత పైకి పాకుతోంది. డోర్కస్ ఆ గీతనీ, బల్ల అంచుని పట్టుకున్న మొగుడి చేతినీ చూస్తోంది. గోళ్లు చెక్కలో దిగబడుతున్నాయి. గీత మోకాలు దాటింది. డాక్టరు నిట్టూర్చి సహాయకుడి వైపు తిరిగాడు.

"పెద్ద రంపం తీసుకురా."

డోర్కస్ మొగుడి చెవి దగ్గర వంగింది. "నీ నోరు పడిపోయిందా? చెప్పవయ్యా! ఈయన కొనడానికి రాలేదు. మనల్నిప్పుడు ఎవరూ అమ్మలేరు."

"ఆ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు," గొణిగాడు మింగో. "ఈయనకి ఎవరైనా చెప్పారో లేదో! నొప్పన్నవాడు క్వాష్. లేదన్నవాణ్ని నేను. ఇద్దర్లో ఎవడున్నాడే?"

రంపం వచ్చింది. దాని పళ్లు కిటికీ వెలుగులో మెరిశాయి.

డోర్కస్‌కి ఒక్కటే తోచింది. ఆమెకూ అమ్మ ఉండేది, ఆ అమ్మా అదే నేర్పింది. పుట్టి బుద్ధెరిగాక ఏ తెల్లదొర ముందూ నొప్పి అన్న మాట ఆమె నోట రాలేదు. 

"దొరా, నాకు నడుం నొప్పి," అంది గట్టిగా. "చిన్నదాన్ని కన్నప్పట్నుంచీ. వంగితే లేవలేను."

సరిగ్గా అప్పుడే వీధిలో బండి చక్రాల చప్పుడు. కిర్రు కిర్రుమంటూ దగ్గరికొచ్చింది. డోర్కస్ గోడ పట్టుకుంది. మింగో కళ్లు పెద్దవై తలుపు మీదికి వెళ్లాయి. బండి గుమ్మం ముందుకొచ్చింది. గుమ్మం దాటింది. రేవు వైపు వెళ్లిపోయింది.

"ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదా?" అన్నాడు డాక్టరు, రంపం అందుకోబోయిన చెయ్యి ఆపి. "అక్కడ కూర్చో. ఇతని పనయ్యాక నిన్ను చూస్తా."

అంతే. ఎవరూ రాలేదు. డోర్కస్ ఉన్నచోటే ఉంది.

డాక్టరు ఆమె వంకా, మింగో గోళ్ల వంకా చూశాడు. బొటనవేలు మళ్లీ పిక్క మీద పెట్టి నొక్కాడు. పళ్లు చూపించడానికి మింగో నోరు తెరుచుకుంది. మూసుకుంది.

"అక్కడ..." అన్నాడు.

"అక్కడేం?"

"అక్కడ నొప్పి దొరా! అయ్యో, ప్రాణం పోతోంది దొరా!"

ఇక చూడండి, ఏం కేక అది! పుట్టినప్పటినుంచీ దాచుకున్నదంతా ఒక్కసారే బయటికొచ్చినట్టుంది. కాలువలో బాతులు లేచిపోయాయంటారు. మిల్లు కప్పు మీది పెంకులు లేచాయని మింగో చెబుతాడు గానీ, అందులో సగం తీసేయండి. డాక్టరు గీత చెరుపుకుంటూ కిందికి దిగాడు. మడమ దగ్గర కేక. పాదం మధ్య ఇంకా పెద్ద కేక. వేళ్ల మొదలు దగ్గర మాత్రం నిశ్శబ్దం. కొత్త గీత అక్కడ గీశాడు.

"పెద్ద రంపం అక్కర్లేదు. తీసుకెళ్లు," అన్నాడు. మింగో ముక్కు మీద మత్తుమందు గుడ్డ వేశారు. డోర్కస్ వాడి చెయ్యి వదల్లేదు. గుడ్డ కిందనుంచి వచ్చే ఒక్కో ఊపిరినీ వింటూ నిలబడింది. రెండు ఊపిరుల మధ్య ఖాళీ వచ్చినప్పుడల్లా ఆమె ఊపిరీ ఆగింది.

ఆమె బయటికొచ్చేసరికి వరస వరసంతా మాయం. ఆ కేకలకి జనం రేవు దాకా పరిగెత్తారు. పరిగెత్తలేని ఫిబ్బీ ఒక్కతే మిగిలింది, కర్ర గుండెలకి హత్తుకుని.

"కాచేశారా?" అంది గుసగుసగా.

"వేళ్లు పోయాయత్తా. కాలుంది, మనిషున్నాడు. కళ్లు తెరవగానే మొసలి వేళ్లు తినేసిందన్నాడు."

ఫిబ్బీ వీధికి అటూ ఇటూ చూసింది. బండి ఏదీ రావడం లేదని రూఢి చేసుకుంది. ఆపైన డోర్కస్ చెవి దగ్గరికి నోరు తెచ్చి, దొంగ సొమ్ము ఎక్కడ దాచిందో చెబుతున్నట్టుగా, తన మోకాలు ఎక్కడెక్కడ నొప్పో చెప్పింది.