పగిడయ్య చెట్టు కింద

ఖమ్మం నుంచి బస్సులో వచ్చిన బడిపిల్లలకు అటవీశాఖ పర్యావరణ కేంద్రంలో నాగలత సుస్థిర జీవనం గురించి చెబుతూనే ఉంది, కిటికీ అవతల గార్డు ఒకడు పగిడయ్య చేతిలోని గంప లాక్కుని ఇప్పపువ్వంతా దారిలో కుమ్మరించాడు. దాని మీదుగా జీపు పోనిచ్చాడు. తెల్లారగట్ల నుంచి నడుం వంచి ఏరిన పువ్వది. అరవై ఏళ్ల మనిషి చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. లోపల గోడ మీద ఏమని రాసి ఉందో తెలుసా? "అడవిని కాపాడుకునే ఆదివాసీని చూసి నేర్చుకుందాం" అని. వాళ్లకు ఆదివాసీ ఫొటో కావాలి గాని మనిషి అక్కర్లేదు.

ఆ రాత పక్కనున్న చెట్ల పటం నాగలత గీసిచ్చిందే. తమ కోయగూడెంలో ఏ ఇప్పచెట్టు ఏ ఇంటిదో తాతల నాడే తేలిపోయింది. ఒకరి చెట్టు కింద రాలిన పువ్వును ఇంకొకరు ముట్టరు. కుళ్లిపోయినా, పందులు తిన్నా ముట్టరు. "ఎంత గొప్ప పద్ధతమ్మా, బోర్డు పెడదాం" అన్నాడు పర్యావరణ కేంద్రం మేనేజర్ ఉదయ్ భాస్కర్. ఉద్యోగం కొత్త. మురిసిపోయి నలభై ఇళ్ల పేర్లూ చెట్లూ రాసిచ్చింది. ఇప్పుడు అడవి రక్షణ పేరు చెప్పి, ఆ పటం పట్టుకునే ఒక్కో ఇంటి చెట్టుకూ కంచె వేస్తున్నారు. మూడిళ్లవి పోయాయి. నాలుగోది పగిడయ్యది, నిన్ననే కంచె పడింది. మిగతా ఊరు కిక్కురుమనలేదు, తమ చెట్టు కాదు గదా.

మధ్యాహ్నం పగిడయ్య వాకిట్లో అందరూ కూడారు.

"చేసిందంత నువ్వే" అన్నాడు నాగరాజు, నాగలత మొఖం మీదనే. ఆయన చెట్టుకు కంచె పడి నెలయింది. "దగ్గరుండి చూపిచ్చినవ్ గదనే."

"అవ్ బావా, బుద్ధిలేక చూపిచ్చిన. కానీ నీ చెట్టుకు కంచేసిన నాడు ఈ ఊర్ల ఒక్కలన్న లేచిండ్రా? నేనూ లేవలె. ఎవల చెట్టు వాళ్లదే అనుకుంటిమి. వాళ్లకు కావాల్సింది గదే."

"ఏం జేద్దమంటవ్ మరి?"

"రేపు పొద్దుగాల అందరం పగిడయ్య మామ చెట్టు కిందనే ఏరుదం."

వాకిలంతా భగ్గుమంది. "ఇంకో ఇంటి పువ్వు ముట్టుకుంటమానే?" అంది ముసలి బాలి. "పానం ఉండంగ గా పని చెయ్య."

"గీ పువ్వు అమ్ముకోకుంటే వానకాలం ఏం తింటవ్ అవ్వా?"

"పస్తుంట."

గంటసేపు అరుచుకున్నారు. పువ్వు ఏరుకునే హక్కు చట్టంలోనే ఉందని ఒకరు, ఆ కాగితం చూపిస్తే గార్డు చింపేశాడని ఇంకొకరు. చివరికి పగిడయ్య లేచాడు.

"చెట్టు నాది. పిలిచేటోన్ని నేను. లగ్గానికి పిలిచినట్టు ఇంటింటికొచ్చి పిలుస్త."

అన్నట్టే నలభై గడపలూ తిరిగాడు.

తెల్లారేసరికి కంచె తీగలు నేల మీదున్నాయి. చెట్టు కింద ఊరంతా వంగి ఏరుతోంది. బాలి ఒక్కతే దూరంగా గంప బోర్లించి కూచుంది.

ఉదయ్ భాస్కర్ గార్డులతో జీపు దిగాడు, నవ్వు చెరగనివ్వకుండా. "పటం ప్రకారం ఇది పగిడయ్య చెట్టు. కేసు ఆయనొక్కడి మీదే. మిగతావాళ్లు లేచి వెళ్లిపోండి, మీ చెట్ల జోలికి రాం. నాగలతా, నువ్విటు రా, డ్యూటీకి టైమైంది."

ఏరే చేతులు ఆగిపోయాయి. నిజం చెప్పొద్దూ, ఆ మాట ఎవరికైనా తియ్యగానే ఉంటుంది. ఎవరు లేస్తారోనని నాగలత ఒక్కొక్కరి మొఖం చూసింది.

లేచింది బాలి. చెట్టు కిందికి వచ్చి, నేలకు దండం పెట్టి, ఒక పువ్వు ఏరి ఒళ్లో వేసుకుంది.

"రాస్కో సారు. బాలి అని రాస్కో."

నాగలత మెడలో కార్డు తీసి ఉదయ్ భాస్కర్ చేతిలో పెట్టి, బాలి పక్కనే కూచుని ఏరడం మొదలుపెట్టింది. ఆగిన చేతులన్నీ మళ్లీ కదిలాయి.

పగిడయ్యనూ నాగలతనూ జీపెక్కించారు. ఆడవాళ్లు జీపుకు అడ్డం కూచున్నారు. గార్డులు ఈడ్చి పక్కన పడేస్తే మళ్లీ వచ్చి కూచున్నారు. మూడోసారి ఈడ్చినప్పుడు బాలి మోచేయి దోక్కుపోయింది. జీపు కదిలింది.

"రేపు ఎవల చెట్టు కిందికి పోదం?" బాలి గొంతు జీపులోకి వినబడింది.

"నా చెట్టు కిందికి రాండ్రి" అన్నాడు నాగరాజు. "కంచె ఉంటే ఉండనియ్. అందర్నీ పిలుస్తున్న."