తన కొలతలకు కుట్టింది

నత్తకు ఆ పేరు పెట్టింది పెద్దమ్మ కూతురే. నోట్లో నాలుక లేని పిల్ల, ఎవరు పలకరించినా ముడుచుకుపోతుంది కాబట్టి నత్త. ఆ పేరు ఇంట్లోంచి బడిదాకా నడిచి వచ్చింది. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎక్కడా వినబడదు. నత్త మాత్రం పెద్దమ్మ కూతుర్ని "అక్కా" అనే పిలవాలి. ఇద్దరిదీ ఒకే తరగతి, పెద్దరికం కొద్ది నెలలదే. కానీ ఇల్లు అక్కది. నత్తా, వాళ్ళమ్మా ఆ ఇంటి వెనకగదిలో ఉంటారు. వంటా, గిన్నెలూ అమ్మ చూస్తుంది. అందుకు బదులుగా తలదాచుకోవడానికి చోటు, రెండు పూటలా తిండి, అక్క విడిచిన బట్టలు.

అక్క ఒళ్ళున్న పిల్ల, నత్త చీపురుపుల్ల. అక్క గౌన్లు నత్త భుజాల మీద నిలవవు, పిన్నీసులు పెట్టి నిలబెట్టాలి. పైగా, "నా గౌనుతో నేల మీద కూలబడతావేంటి", "నా చొక్కా చేతులు మడవకు" అని అక్క వెంటపడుతూనే ఉంటుంది. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలు ఊరికే అనలేదు.

బడి యూనిఫాం సంగతి వేరు. బడికే దర్జీ వచ్చి, పిల్లలందరినీ వరసలో నిలబెట్టి కొలతలు తీశాడు. నత్త నడుం చుట్టూ టేపు చుట్టి, నమ్మలేక మళ్ళీ చుట్టి, "గాలి వీచినప్పుడు జేబులో రాళ్ళేసుకో తల్లీ" అన్నాడు. ఆ బూడిదరంగు గౌను ఆమె భుజాల దగ్గర ఆగింది, నడుం దగ్గర పట్టింది. దానికి పిన్నీసు అక్కర్లేదు.

అలాంటిది, కొత్తగా వచ్చిన టీచరమ్మ శనివారం యూనిఫాం వద్దంది.

"కొన్ని దేశాల్లో పిల్లలకి అసలు యూనిఫామే ఉండదు. ఉన్నచోట కూడా మేజోళ్ళతోనో, జడతోనో తామెవరో చూపించుకుంటారు. మీరేమో గొర్రెలమందలా వస్తున్నారు. శనివారం ఎవరికి నచ్చింది వాళ్ళు వేసుకుని రండి. ఒక్కొక్కరూ లేచి, ఆ బట్టలు మీ గురించి ఏం చెబుతాయో చెప్పాలి."

తరగతంతా సంబరపడింది. నత్త తన గౌను నడుం దగ్గర సర్దుకుంది. ముందు బెంచీలోంచి అక్క వెనక్కి తిరిగి నవ్వింది.

శుక్రవారం సాయంత్రం పెద్దమ్మ ఒక పసుపుపచ్చ గౌను వెనకగదిలోకి విసిరింది. "రేపటికి. చిరగలేదు, మాయలేదు. మా పిల్లకి బిగుతైందంతే."

ఆవిడ వెళ్ళాక అక్క గడపలో నిలబడింది. "వేసుకోవే. నా బట్టలు నీ గురించి ఏం చెబుతాయో నేనూ వినాలిగా. నీకు మాట పెగలకపోతే నేనే లేచి చెప్తాలే."

అక్క అటు పోగానే నత్త అమ్మతో, "నేను యూనిఫాంలోనే వెళ్తా" అంది.

"వెళ్తావు. ఇచ్చింది కాదన్నావని తెలిస్తే ఈ గది పోతుంది. అప్పుడు నీ యూనిఫాం కప్పుకుని వీధిలో పడుకుందాం. నోరు మూసుకుని ఇచ్చింది వేసుకో."

నోరు మూసుకోవడం నత్తకు పుట్టుకతో వచ్చిన విద్యే. మర్నాడు పసుపు గౌను వేసుకుని, పిన్నీసులు పెట్టుకుని అక్క కంటే ముందే బయల్దేరింది. సంచిలో పుస్తకాల అడుగున యూనిఫాం ఉంది. బడి మరుగుదొడ్డిలో తలుపు గడియ వేసుకుని మార్చుకుంది. పసుపు గౌను జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టింది.

రంగురంగుల తరగతిలో ఆమె ఒక్కతే బూడిదరంగులో కూర్చుంది. టీచరమ్మ కళ్ళు నేరుగా అక్కడికే వచ్చాయి.

"లే. ఏం, నా మాటంటే లెక్కలేదా?"

నత్త లేచింది. అక్కే అందుకుంది. "దాన్ననకండి టీచర్. దానికి సొంత బట్టలెక్కడివి? ఒంటి మీదకి ఏం వేసుకున్నా అన్నీ నావే. నిన్న మా అమ్మ జాలిపడి నా పసుపు గౌను కూడా ఇచ్చింది. తొడుక్కోవడం చేతకాలేదేమో."

తరగతి గొల్లున నవ్వింది. వెనక ఎవరో "నత్తకి గుల్ల కూడా అద్దెదే" అన్నారు. టీచరమ్మ కూడా పెదవి బిగించి నవ్వాపుకుంది.

నత్త సంచిలోంచి పసుపు గౌను తీసింది. నడిచి వెళ్ళి అక్క బల్ల మీద పెట్టింది.

"నీ గౌను, అక్కా. మడత నలగలేదు. పిన్నీసులు నావి, తీసేసుకున్నా."

తర్వాత టీచరమ్మ వైపు తిరిగింది. "నాకు నచ్చింది వేసుకుని రమ్మన్నారుగా టీచర్. ఇది నా కొలతలకు కుట్టింది. నాకని కుట్టింది ఇదొక్కటే."

టీచరమ్మ మొహం ఎర్రబడింది. "మాటకు మాట నేర్చావే. పో, వరండాలో నిలబడి నీకు నచ్చింది అందరికీ చూపించు."

ఆఖరి గంట కొట్టేదాకా నత్త వరండాలోనే నిలబడింది. పక్క తరగతుల పిల్లలు మంచినీళ్ళ వంకతో వచ్చి చూసి పోయారు.

ఆమె కంటే ముందు కబురు ఇల్లు చేరింది. వెనకగదిలో తాడు మీదున్న అక్క పాత బట్టలన్నీ పెద్దమ్మ లాగి పోగేసింది. "ఇక నా కూతురి గుడ్డపీలిక దీని ఒంటి మీద కనబడితే ఊరుకోను" అంది. గది మాత్రం పోలేదు. అమ్మను పొమ్మంటే గిన్నెలు ఎవరు తోముతారు?

ఆదివారం పొద్దున్నే అమ్మ, "ఇటు తగలడు" అని పిలిచింది. యూనిఫాంలో ఉన్న కూతుర్ని వెలుతురుకు నిలబెట్టి, ముందు కూర్చుని గౌను అంచు మడత విప్పసాగింది.

"కట్టుకునేదీ ఇదే, విడిచేదీ ఇదే. మళ్ళీ దర్జీ వచ్చేదాకా మన్నాలి. ఈలోగా పొడుగు పెరిగావంటే చంపుతా."

దారాలు ఒక్కొక్కటే తెగి, మడతలో ఉన్న రంగు వెలిసిపోని గుడ్డ బయటపడింది. నత్త అలవాటు కొద్దీ భుజాలు ముడుచుకుంది. అమ్మ సూది పట్టుకున్న చేత్తోనే మోకాలి మీద ఒకటి వేసింది.

"తిన్నగా నిలబడు. కొలత తప్పుతుంది."