కొమురమ్మ రెండో చెప్పు

కొమురమ్మ చెరువు మీద నుంచి నడిచి వస్తోంది, పోయి ఏడాది కావస్తున్న మనిషి, అవి నీళ్ళు కాదు తన ఇంటి వాకిలే అన్నంత ధీమాగా, కుచ్చెళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని, ఒక కాలికి నీలం రంగు హవాయి చెప్పు, రెండో కాలు ఉత్తది. ఒడ్డున గాలం వేసుకుని కూర్చున్న సుగుణకు ఆశ్చర్యమేమీ కలగదు. ఇన్నాళ్ళు రాకుండా ఎక్కడ కూర్చుందీ మనిషి అని కోపమే వస్తుంది, ఆ కోపంలోనే కళ్ళు నిండుతాయి. కొమురమ్మ ఆమె అన్న భార్య. సుగుణకు గాలం పట్టడం నేర్పింది ఆమే, నేర్పలేక తల పట్టుకుందీ ఆమే.

"నా రెండో చెప్పేదే పిల్లా?" అంటూ పక్కన చతికిలబడుతుంది.

సుగుణ జవాబు చెప్పబోయేసరికి ఒడ్డు మెల్లగా కదిలి, ఇద్దరూ బస్సులో పక్కపక్కన కూర్చుని ఉన్నారు, కిటికీ అవతల చెరువు పరుగెడుతోంది, గాలపు కర్ర మాత్రం చేతిలో అలాగే ఉంది, కండక్టరు దాని కింది నుంచి వంగి పోతున్నాడు, అతను టికెట్ అడిగేలోపు బస్సు కొమురమ్మ వంటిల్లయి, పొయ్యి మీద చింతపండు పులుసు కుతకుతలాడుతోంది. కొమురమ్మ గరిటె పెట్టి కలుపుతుంది. పులుసులో చేప ముక్క ఒక్కటీ లేదు. సుగుణ సిగ్గుతో తల వంచుకుంటుంది.

ఎందుకు వంచుకోదు! తెల్లవారితే పెత్రమాస, పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి పెట్టే రోజు. కొమురమ్మకు కొర్రమట్ట పులుసంటే ప్రాణం, అదీ గాలానికి పడ్డ చేపయితేనే. కొన్న చేపను బతికినన్నాళ్ళూ ఆమె ముట్టలేదు. "నీ చేతి చాప తినందే నేను చావను పిల్లా" అని ఒడ్డున అందరినీ నవ్వించేది, తినకుండానే పోయింది. అన్న బజారు నుంచి తెస్తానంటే, వద్దు, నేనే పట్టుకొస్తానని సుగుణ నలుగురిలో అనేసింది. ఆ మాట అనేసిన రోజు నుంచి రోజూ సాయంత్రం రావడం, ఉత్త చేతులతో పోవడం. మిగిలింది ఈ సాయంత్రమే.

కొర్రమట్ట గడుసుది. ఎర దొరకగానే మింగదు. నోట కరుచుకుని అటూ ఇటూ తిప్పుతుంది, పైన దారానికి కట్టి నీళ్ళ మీద తేలే బెండు ఊగుతుంది, మునిగి మళ్ళీ తేలుతుంది, అప్పుడంతా ఊరుకోవాలి. మునిగిన బెండు ఇక పైకి రానప్పుడే గుంజాలి. ఆ ఊరుకోవడమే సుగుణకు చేతకాదు. అన్నం ఉడక్కముందే మూత తీసే రకం. బెండు తల ఊపిందో లేదో కర్ర లేచిపోతుంది, ఎరా పోతుంది, చేపా పోతుంది. ఆత్రపు పెళ్ళికొడుకు అత్త మెడలో తాళి కట్టాడని కొమురమ్మ దెప్పిపొడిచి, సుగుణ మణికట్టు మీద తన చెయ్యి వేసి నొక్కి ఉంచేది. అలా చేపలు పడ్డాయి గానీ, వాటిని సుగుణ పట్టిందని ఎవరూ అనలేదు.

పొయ్యి ఆరిపోయి మళ్ళీ ఒడ్డే ఉంది, నీళ్ళ మీద ఎండ పచ్చగా ఉంది. సుగుణ చెయ్యి చాపుతుంది. "జర పట్టుకో వదినె. నువ్వు పట్టుకుంటేనే నేను ఆగుత."

"నేను పట్టుకోను పో. పట్టుకుంటే అది నా చాపైతది. నీ చాప తిందామనే గదా ఇంతదూరం నడిచొచ్చిన."

సుగుణ భోరుమంటుంది. నువ్వు లేక నాకు ఏ పనీ తోచడం లేదని, ఇంట్లో నవ్వే చప్పుడే లేదని చెప్పుకుంటుంది. కొమురమ్మ ఆమె తలను ఒళ్ళోకి లాక్కుని, పేలు చూస్తున్నట్టు జుట్టులోకి వేళ్ళు పోనిస్తుంది.

"ఆగుడు నీకు రాదు. పండుకునుడన్న వస్తది గదా. పండుకో."

ఆ వేళ్ళ కింద సుగుణ ఒళ్ళంతా సడలిపోతుంది. కాసేపటికి కొమురమ్మ లేచి, నా చెప్పు నీళ్ళలోనే ఉన్నట్టుంది, తెచ్చుకుంటానని చెరువులోకి దిగుతుంది, మోకాళ్ళు మునుగుతాయి, నడుము మునుగుతుంది, సుగుణ ఆమె కొంగు పట్టి వెనక్కి గుంజాలని చెయ్యి ఎత్తబోతుంది, ఎత్తబోయి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఊరుకుంటుంది. కొప్పు కూడా మునిగిపోతుంది. ఇక తేలదు.

"ఇగ గుంజు," అంటాయి నీళ్ళు.

సుగుణ కళ్ళు తెరిచింది. పొద్దు ఇంకా గుంకలేదు. కర్ర మొదలు మోకాలి కింద నొక్కిపెట్టి, కూర్చున్నచోటే కునుకు తీసింది. నీళ్ళ మీద బెండు లేదు. ఎప్పుడు ఊగిందో, ఎన్నిసార్లు మునిగి తేలిందో, చూసి తొందరపడటానికి మెలకువలో ఉంటే కదా!

రెండు చేతులా గుంజింది. కర్ర విల్లయింది, దారం నీళ్ళను కోసుకుపోతూ చెరువంతా తిరిగింది, సుగుణ మడమలు బురదలో దిగబడ్డాయి. వదల్లేదు. మూరెడు కొర్రమట్ట, నల్లగా నిగనిగలాడుతూ, ఒడ్డున గడ్డిలో వచ్చి పడింది. చుట్టుపక్కల ఎవరూ లేరు, ఆ మణికట్టు మీద ఎవరి చెయ్యీ లేదు.

చేప మూతి పక్కన, దారానికి గుచ్చిన బెండు తడిగా మెరుస్తోంది. పోయినామె జ్ఞాపకంగా మిగిలిన హవాయి చెప్పు నుంచి సుగుణే కోసి చేసుకున్న నీలం ముక్క అది.

"దొరికింది వదినె, నీ చెప్పు," అంది సుగుణ, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటూ.